‘గివ్ అప్’ : ఒక ఆంగ్ల క్రియ, దాని జన్మము, తెగని వాదము

ఆంగ్లమున ‘గివ్’ అనగా ఇచ్చుట, ‘అప్’ అనగా పైకి అని నేర్చుకొన్న విద్యార్థికి, ఆ రెండును కూడిన ‘గివ్ అప్’ అను క్రియకు కోటను శత్రువునకు అప్పగించుట, పదవిని విడుచుట, పొగ త్రాగుట మానుట, రోగి విషయమున వైద్యులు ఆశ వదలుకొనుట, పొడుపుకథ విప్పలేక ఓటమి ఒప్పుకొనుట, తుదకు ప్రాణములు విడుచుట కూడ అర్థములగునని చెప్పినచో, తెలిసిన రెండు మాటల నుండి తెలియని ఇన్ని అర్థములు ఎట్లు పుట్టినవని అతడు ప్రశ్నింపక మానడు. ఆ ప్రశ్నకు పండితులు నూరేండ్లకు పైగా సమాధానములు చెప్పుచునే యున్నారు. సమాధానములు పెరిగినకొలది ప్రశ్న చిక్కుపడినదే కాని వీడలేదు.

చిక్కునకు ముఖ్య కారణమొకటి కలదు. ఈ క్రియ ఎక్కడి నుండి వచ్చినదని అడుగువారు నిజమునకు మూడు వేర్వేరు ప్రశ్నలను ఒక్కటిగా అడుగుచున్నారు. క్రియ వెనుక అవ్యయము నిలుచు ఈ వాక్యరచన ఎట్లు ఏర్పడినది అనునది మొదటిది. దిక్కును తెలుపు మాటకు ‘పూర్తిగా, మిగులకుండ’ అను భావము ఎట్లు అబ్బినది అనునది రెండవది. ఈ జంట ఒక పదమా, రెండు పదములా అనునది మూడవది. చరిత్రకారుడు, అర్థవిచారకుడు, వ్యాకర్త తమతమ త్రోవలలో నడచుచు ఒకరి సాక్ష్యమును వేరొకరి వాదమునకు ఊతగా తెచ్చుకొనుట వలననే ఈ రంగమున సగము తగవులు పుట్టినవి. కావున వాదములను వేరువేరుగా విడదీసి చూచుట ఈ సమీక్షకు ఉద్దేశము.

పేరు, వస్తువు

ఈ జాతి క్రియలకు ‘ఫ్రేజల్ వెర్బ్’ అను పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ ప్రకటించిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అను గ్రంథము వలన ప్రచారమునకు వచ్చినది. ఆ పేరును తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకులలో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ చెప్పెను. అంతకు అయిదేండ్ల ముందు ఆర్థర్ కెన్నెడీ అను అమెరికా పండితుడు ఇవే క్రియలను వేరొక పేరుతో విడిగా పరిశీలించి యుండెను.

పేరు లేని నాడును వస్తువు తెలియకపోలేదు. 1755 నాటి నిఘంటువునకు వ్రాసిన పీఠికలో శామ్యూల్ జాన్సన్, అవ్యయము చేరి అర్థము మారు క్రియలు పరదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునవని గుర్తించి, వానిని శ్రద్ధగా చేర్చితినని చెప్పుటయే గాక, వానిలో కొన్ని తమ అవయవముల అర్థమునకు ఎంత దూరము జరిగినవనగా, వచ్చిన త్రోవను ఎంతటి బుద్ధిశాలియు కనుగొనజాలడని కూడ అభిప్రాయపడెను. తరువాతి పండితులు చేసినదంతయు జాన్సన్ కనుగొనరాదన్న ఆ త్రోవను వెదకుటయే.

పీటర్‌బరో మఠములో ఒక వాక్యము

‘గివ్ అప్’ లిఖితరూపమున కనబడు తొలి స్థానములలో ఒకటి తూర్పు మధ్య ఇంగ్లండులోని పీటర్‌బరో మఠమున భద్రపరచబడిన ‘ఆంగ్లో-శాక్సన్ క్రానికల్’ ప్రతి. 1116లో ఆ మఠము అగ్నికి ఆహుతి కాగా, మఠవాసులు 1121 ప్రాంతమున క్రానికల్‌కు క్రొత్త ప్రతి వ్రాయించుకొనిరి. మొదటి లేఖకుడు 1131 వరకు సాగించిన ఆ గ్రంథమును, 1154 తరువాత వేరొకడు అందుకొని, నడుమ గడచిన ఇరువదికి పైగా యేండ్ల సంగతులను ఒక్క విడతగా పూరించెను. రాజకీయముగా అది స్టీఫెన్ రాజు కాలపు అరాచకమునకు సాక్ష్యము. భాషాపరముగా ప్రాచీనాంగ్లపు విభక్తులు రాలిపోయి మధ్యాంగ్లము తలయెత్తుచున్న తరుణమునకు సాక్ష్యము.

ఈ రెండవ లేఖకుని మొట్టమొదటి వృత్తాంతము 1132 నాటిది. హెన్రీ అను మఠాధిపతి ఫ్రాన్సులోని వేరొక మఠముపై కూడ అధికారము నడపుచు, పీటర్‌బరోను క్లూనీ మఠమునకు లోబరుపజూచెను. ఆతని కపటము బయటపడగా రాజు మొదటి హెన్రీ ఆతనిచే పీటర్‌బరో ఆధిపత్యమును ‘గ్యువెన్ అప్’ చేయించి, దేశము నుండి ‘ఫారెన్ ఊట్’, అనగా వెలుపలికి పోవునట్లు చేసెనని లేఖకుడు వ్రాసెను. ఒకే వాక్యములో రెండు క్రియలు, రెంటికిని వెనుక అవ్యయములు. రెండవదానిలో ‘ఊట్’ అచ్చముగా దిక్కునే చెప్పుచున్నది. మొదటిదానిలో ‘అప్’ ఏ దిక్కును చెప్పుట లేదు, ఏలయన మఠాధిపత్యము పైకి ఎత్తి ఇచ్చు వస్తువు కాదు. ఫ్రేజల్ వెర్బు నడచిన దూరమునకు రెండు కొసలును ఆ యొక్క వాక్యమున చేరియున్నవి.

వెనువెంటనే మరియొక చిత్రము. తరువాతి పంక్తులలో, రాజు ఆ పదవిని సెయింట్ నియట్స్ మఠమునకు చెందిన మార్టిన్‌కు ఇచ్చెను అనుచోట అదే ధాతువు ‘యాఫ్’ అని యకారాదిగా వ్రాయబడినది. ప్రాచీనాంగ్లమున తాలవ్యాచ్చునకు ముందు నిలిచిన గకారము యకారమై పలుకబడెడిది; స్కాండినేవియా వారి నార్స్ భాషలోని ‘గెఫా’ మాత్రము గట్టి గకారమును నిలుపుకొన్నది. నేటి ఆంగ్లమున ‘గివ్’ అని గకారముతో పలుకుట నార్స్ ప్రభావమనియే చాలమంది తలంతురు. కవి చాసర్ కాలము నాటికిని ‘యెవె’ వంటి స్వదేశీ రూపము చావలేదు. ‘గ్యువెన్’ అని వ్రాసిన లేఖకుడు దానిని ఎట్లు పలికెనో వర్ణక్రమము చెప్పదు. ఈ ఒక్క అక్షరము తేలియుండినచో వాదము కొంత సులభమై యుండెడిది.

ప్రసంగవశమున ఒక మాట. ఈ మఠాధిపతి హెన్రీ 1127లో ఆ మఠమునకు వచ్చినపుడు రాత్రులందు నల్లని గుఱ్ఱములపై నల్లని వేటగాండ్రు అడవిలో కనబడిరని మొదటి లేఖకుడు వ్రాసిపెట్టెను. అట్లు అపశకునములతో ప్రవేశించిన వ్యక్తి, తన పదవి పోవుటవలన ఒక క్రియకు చరిత్రలో చోటు కల్పించి పోవుట విధివైపరీత్యమే.

నార్స్ వాదము, స్వదేశీ వాదము

పీటర్‌బరో ఒకప్పుడు డేనుల చట్టము చెల్లిన డేన్‌లా ప్రాంతములోనిది. స్కాండినేవియా నుండి వచ్చినవారును ఆంగ్లేయులును తరతరములు ఇరుగుపొరుగుగా బ్రతికిన చోటనే ‘గివ్ అప్’ తొలి వాడుకలలో ఒకటి కానవచ్చుట, నార్స్ భాషలో ‘గెఫా ఉప్ప్’ అను జంట అప్పగించుట, వదలుట అను అర్థములతో ఉండుట — ఈ రెండును కలిపి చూచినవారు ఈ క్రియ ఆ భాష నుండి అనుకరణముగా వచ్చినదని తలంచిరి. వారికి తోడ్పడు యుక్తి మరియొకటి కలదు. నార్స్ భాష క్రియల ముందుండు ఉపసర్గలను మిక్కిలి పూర్వమే పోగొట్టుకొని, వాని పనిని క్రియ వెనుక నిలుచు అవ్యయములకు అప్పగించెను. పూర్తిని తెలుపు ‘అప్’ జన్మమును 1985లో ప్రత్యేకముగా విచారించిన డేవిడ్ డెనిసన్ ఈ పీటర్‌బరో సాక్ష్యమునకు తగిన ప్రాముఖ్యమును ఇచ్చెను.

స్వదేశీ వాదులు ఇట్లు ప్రత్యుత్తరమిత్తురు. ప్రాచీనాంగ్లములోనే ‘ఆగియెవన్’ అనగా అప్పగించుట, ‘ఒవ్‌గియెవన్’ అనగా విడిచిపోవుట. అర్థములు అప్పటికే సిద్ధముగా నున్నవి, కాని వానిని మోయునవి ఉపసర్గలు. ఆ ఉపసర్గలు స్వరబలము లేనివి. కాలక్రమమున ఆ, ఒవ్, ఆన్ అనునవి నోటిలో అరిగి ఒకే అస్పష్టాచ్చుగా మిగులగా, ఏది దేనిని తెలుపునో వినువానికి తెలియకపోయెను. కర్మ ముందు, క్రియ చివర నిలుచు వాక్యములు తగ్గి, క్రియ ముందునకు వచ్చుటతో, బలముగా పలుకబడు అవ్యయములు క్రియకు వెనుక స్థిరపడెను. రిస్తో హిల్తునెన్ 1983లో ప్రకటించిన గ్రంథము ఈ ఉపసర్గల పతనమును, ఫ్రేజల్ వెర్బుల ఆరంభమును ఒకే చరిత్రగా చెప్పినది. 2012లో స్టెఫాన్ థిమ్ ఇంకను ముందునకు పోయి, ఈ రచన ఆంగ్లమున ఒక్కదానిలో పుట్టిన వింత కాదనియు, జర్మానిక్ భాషలన్నింటి ఉమ్మడి ఆస్తియనియు వాదించెను.

జర్మను వారి ‘ఆఉఫ్‌గేబెన్’, డచ్చి వారి ‘ఒప్‌ఖేవెన్’, స్వీడను వారి ‘యె ఉప్ప్’, ఇవి అన్నియు ‘పైకి ఇచ్చు’ అను నిర్మాణమే కలిగి, అన్నియు వదలుకొనుట అను అర్థమును ఇచ్చుచున్నవి. ఆంగ్లమున క్రియ, అవ్యయము ఎప్పుడును విడిగా వ్రాయబడుచుండగా, జర్మనులో ఒకచో కలిసి ఒకచో విడిపోవుచున్నవి. మరియు జర్మనులో అదే క్రియకు తపాలా కార్యాలయమున ఉత్తరమును అప్పగించుట, ఉపాధ్యాయుడు పిల్లలకు ఇంటిపని ఇచ్చుట అను అర్థములును, డచ్చి భాషలో పేరు నమోదు చేయించుకొనుట అను అర్థమును కలవు. పుచ్చుకొనువాడు స్పష్టముగా కనబడు ఈ అర్థములను ఆంగ్లము పెంచుకొనలేదు. అనుకరణమే మూలమైనచో జర్మను, డచ్చి భాషలు ఎవరిని అనుకరించినవి అను ప్రశ్నకు నార్స్ వాదులు తృప్తికరమగు సమాధానము చెప్పలేదు. అయినను, ఉన్న విత్తనము మొలకెత్తుటకు నార్స్ సంపర్కము వాన వంటిది కావచ్చునను మధ్యేమార్గమును త్రోసివేయుటకు వీలు లేదు.

ఫ్రెంచి భాషను కూడ కొందరు ఈ రంగమునకు పిలుతురు. ‘సరెండర్’ అను ఫ్రెంచి మూలపు మాటలో ‘సుర్’ అనగా పైన, ‘రాంద్ర్’ అనగా తిరిగి ఇచ్చుట; ‘గివ్ అప్’తో పోలిక కంటికి ఇంపుగా నున్నది. కాని ఆంగ్ల రచనలలో ‘సరెండర్’ కానవచ్చుట పీటర్‌బరో లేఖకునికి చాల తరువాతిది. పోలికను చూచి సంతతిని నిర్ణయించుట ఇచట తొందరపాటగును.

‘అప్’నకు సొంత అర్థమున్నదా?

రెండవ ప్రశ్నలో మూడు పక్షములు కలవు. బ్రూస్ ఫ్రేజర్ 1976లో చెప్పిన దాని సారము: ఇట్టి జంటలలో అవ్యయమునకు విడిగా అర్థమును వెదకుట వ్యర్థము, జంటయంతయు ఒక్క నిఘంటు పదము. దీనికి ఎదుటి కొసను, 1981లో ‘అప్’, ‘ఔట్’ అను రెండింటిపైననే తన సిద్ధాంత వ్యాసము వ్రాసిన స్యూ లిండ్‌నర్ నిలిచెను: అవ్యయమునకు మూలమగు ఒక ప్రాదేశిక చిత్రము కలదు, మిగిలిన అర్థములు దాని నుండి రూపకముల మూలమున ప్రాకినవి. ఈ రెంటి నడుమ, 1971లో ఫ్రేజల్ వెర్బుపై ప్రసిద్ధ గ్రంథము వ్రాసిన డ్వైట్ బోలింజర్, అవ్యయము ఒకచో దిక్కును, ఒకచో క్రియ ముగింపును, ఒకచో రెంటిని చెప్పుననియు, కచ్చితమైన గీటు గీయ సాధ్యము కాదనియు భావించెను. లారెల్ బ్రింటన్ 1988లో మరియొక సవరణ చేసెను: ‘అప్’ తెలుపునది పని ముగిసినదను సంగతిని కాదు, పనికి ఒక గమ్యమున్నదను సంగతిని మాత్రమే.

సంస్కృత వ్యాకరణ పరిచయము గల తెలుగు పాఠకునకు ఈ తగవు క్రొత్తది కాదు. ఉపసర్గలు ధాతువు నుండి విడివడినపుడు అర్థమును చెప్పజాలవని శాకటాయనుడును, వానికి నానావిధములగు అర్థములు కలవని గార్గ్యుడును పలికినట్లు యాస్కుడు నిరుక్తమున నమోదు చేసెను. ఫ్రేజర్ శాకటాయనుని పక్షమున, లిండ్‌నర్ గార్గ్యుని పక్షమున నిలిచినారని చెప్పవచ్చును. ఉపసర్గ ధాతువునకు ముందే ఉండవలెనని పాణిని విధించి, వేదమున మాత్రము వెనుకను, దూరముగను ఉండవచ్చునని సడలించుట గమనింపదగినది. సంస్కృతమున స్వేచ్ఛగా తిరిగిన ఉపసర్గలు రానురాను ధాతువునకు ముందు అతుకుకొనిపోయినవి. ఆంగ్లమున అతుకుకొన్న ఉపసర్గలు నశించి, స్వేచ్ఛగా తిరుగు అవ్యయములు వెనుకకు చేరినవి.

నిరుక్తమును తలంచుట వలన ఒక ప్రత్యక్ష లాభమును కలదు. ‘పరి’ అనగా చుట్టును. పరిత్యాగము, పరిసమాప్తి, పరిపూర్ణము అనుచోట్ల అది చుట్టును అను దిక్కును విడిచి, పూర్తిగా అను భావమును పొందినది. దిక్కును తెలుపు మాట ‘పూర్తిగా’ అను అర్థమునకు మారుట అను పరిణామమునకు ఏ పరభాషా సంపర్కమును అక్కరలేదని దీనివలన తేటపడుచున్నది. నార్స్ వాదము మొదటి ప్రశ్నలో నిలిచినను నిలువవచ్చును. రెండవ ప్రశ్నలో దానికి పని లేదు.

రూపకవాదులకు ‘గివ్ అప్’ ఒక ఇక్కట్టును కలిగించుచున్నది. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో చూపినట్లు ఆంగ్లమున అధికారము, ఆరోగ్యము, ఉత్సాహము అన్నియు పైదిక్కునకు చెందినవి; ఓటమి, రోగము, నిరుత్సాహము క్రిందికి చెందినవి. మరి ఓటమిని ఒప్పుకొనుట ‘అప్’ ఎట్లైనది? ఇచ్చువాడు క్రింద, పుచ్చుకొను ప్రభువు పైన నుండుటవలన అని ఒక సమాధానము. వస్తువు ఎదుటివాని చేతికి అందు చోటునకు చేరుటయే ‘అప్’ అని రెండవ సమాధానము. మొదటిది కోటల విషయమున అందముగా నున్నది కాని, పొగాకును మానినవాడు దానిని ఏ ప్రభువునకు సమర్పించినాడో చెప్పదు.

అర్థముల వరుస

ఈ ఇక్కట్టు తీరుటకు ‘అప్’ వంక చూచుట మాని, ఇచ్చుట అను పనిలో పాలుగొను వారి వంక చూడవలెనని ఈ వ్యాసకర్త అభిప్రాయము. ఇచ్చుటకు ముగ్గురు కావలెను: ఇచ్చువాడు, ఇవ్వబడునది, పుచ్చుకొనువాడు. దుర్గాధిపతి కోటను రాజునకు ‘గివ్ అప్’ చేయునపుడు ముగ్గురును ఉన్నారు. మఠాధిపతి పదవిని ‘గివ్ అప్’ చేయునపుడు పుచ్చుకొనువాడు వాక్యమున కనబడడు, కాని రాజు వెనుక నిలిచి యున్నాడు. త్రాగుడును ‘గివ్ అప్’ చేయునపుడు పుచ్చుకొనువాడు ఎక్కడను లేడు. ‘ఐ గివ్ అప్’ అని పొడుపుకథ ముందు చేతులెత్తువాడు ఇవ్వబడు వస్తువును కూడ పోగొట్టుకొన్నాడు. మిగిలినది ఇచ్చువాడు ఒక్కడే. ఒక్కొక్కరు జారిపోయిన కొలది, అప్పగించుట విడుచుటయై, విడుచుట ఓటమియైనది. ఇది ప్రతి మెట్టును లిఖితాధారములతో నిరూపించిన చరిత్ర కాదు. అర్థముల నడుమ కనబడు బంధుత్వము మాత్రమే. అయినను జర్మను భాషలో ఉత్తరమును అప్పగించుట, ఆశను విడుచుట ఒకే క్రియలో ఇరుగుపొరుగుగా బ్రతుకుట ఈ ఊహకు బలము చేకూర్చుచున్నది.

ఈ వరుసలో నడిమి మెట్టుగా నిలిచినది ‘గివ్ అప్ ది ఘోస్ట్’ అను పలుకుబడి. ఇచట ‘ఘోస్ట్’ దయ్యము కాదు, ప్రాణము, ఆత్మ. ప్రాచీనాంగ్లపు ‘గాస్ట్’నకు అదియే అర్థము. 1611లో వెలసిన రాజా జేమ్స్ బైబిలున యేసు మరణమును చెప్పుచు మార్కు, యోహాను సువార్తలు రెండింటను ఈ పలుకుబడియే వాడబడినది. గ్రీకు మూలమున మార్కు వ్రాసినది ఊపిరి విడిచెను అను ఒక్క క్రియ. యోహాను వ్రాసినది ఆత్మను అప్పగించెను అను వాక్యము. ఒకటి పుచ్చుకొనువాడు లేని క్రియ, రెండవది పుచ్చుకొనువానిని సూచించు క్రియ. రెండు భావములను ఒకే ఆంగ్ల క్రియ ఏ బలవంతమును లేక మోయగలుగుట, అనువాదకుల నాటికి ‘గివ్ అప్’ అప్పగింతకును విడుపునకును నడుమ గట్టు మీద నిలిచి యుండెననుటకు మంచి నిదర్శనము.

పోయిన పుచ్చుకొనువాడు ఒక్కొక్కప్పుడు తిరిగి వచ్చుటయు కలదు. 2015 మార్చి 27న భారత ప్రభుత్వము ‘గివ్ ఇట్ అప్’ అను పేర, స్తోమత గలవారు వంటగ్యాసు సబ్సిడీని స్వచ్ఛందముగా వదలుకొనవలెనను ఉద్యమమును ఆరంభించెను. కోటిమందికి పైగా వదలుకొన్నారు. తెలుగు వార్తాపత్రికలు ఈ పేరును అనువదింపక అట్లే వాడుటయు కద్దు. వదలుకొన్న సబ్సిడీ పేద కుటుంబమునకు గ్యాసు కనెక్షనై చేరునని ప్రభుత్వము చేసిన ప్రచారము, విడుచుట అను అర్థము వెనుక మరల ఇచ్చుటను నిలిపినది.

ఒక పదమా, రెండా?

మూడవ ప్రశ్న కొంత సాంకేతికము గనుక క్లుప్తముగా చెప్పుట మేలు. కర్మ ‘గివ్’నకు ‘అప్’నకు నడుమ దూరవచ్చును, వెనుకనైనను నిలువవచ్చును; సర్వనామమైనచో నడుమనే నిలువవలెను. రెండు పదములనువారికి ఇది బలము. కాని ‘ఘోస్ట్’ వంటి పలుకుబడులలో కర్మను నడుమ చేర్చుట అరుదు, అనగా అర్థము గట్టిపడిన చోట జంట విడిపోవుటకు ఇచ్చగింపదు. కర్మ పొడవు పెరిగినకొలది అవ్యయము క్రియకు దగ్గరగా చేరునని 2004లో లోజె, హాకిన్స్, వాసో అను మువ్వురు చూపిరి. 2010లో బెర్ట్ కాపెల్, అతని సహచరులు మెదడులోని అయస్కాంత స్పందనలను కొలిచి, వాడుకలో నున్న జంటలకును కల్పిత జంటలకును వచ్చు స్పందనలలోని భేదమును బట్టి, నిజమైన ఫ్రేజల్ వెర్బులను మెదడు ఒకే పదముగా నిలువ చేసికొనునని నిశ్చయించిరి. నిలువ చేసికొనుట వేరు, వాక్యమున పరచుట వేరు అనునది వ్యాకర్తల సమాధానము. అది త్రోసివేయదగినది కాదు.

గ్రామ్యమను అపవాదు

‘గివ్ అప్’ మాటలాడు భాషకును, ‘రిలింక్విష్’, ‘రినౌన్స్’, ‘అబాండన్’ వంటివి వ్రాత భాషకును తగునని మన పాఠశాలలలో బోధింపబడు నియమము ఒకటి కలదు. పదునెనిమిదవ శతాబ్దమున నాగరికులు ఫ్రేజల్ వెర్బులను తక్కువగా చూచిరనియు, వాని వాడుక తగ్గెననియు చాలకాలము నమ్మబడినది. 1958లో టొమొషిచి కోనిషి చేసిన పరిశీలన ఆ నమ్మకమునకు ఆధారముగా చూపబడెడిది. థిమ్ దీనిని గట్టిగా ఖండించెను: ఆనాటి వ్యాకరణకర్తలు వాక్యాంతమున విభక్త్యర్థకములు నిలుచుటను నిందించిరి కాని, ఫ్రేజల్ వెర్బులను ఒక జాతిగా నిందించినట్లు కానరాదు. 1640 నుండి 1740 వరకు అచ్చయిన కరపత్రములను పరిశీలించిన క్లాడియా క్లారిడ్జ్ గ్రంథమును చూచినను, మతము, రాజకీయము, విజ్ఞానము వంటి గంభీర విషయములందును ఇవి నిస్సంకోచముగా నడచినట్లు తెలియుచున్నది. ఈ తగవులో మాత్రము ప్రమాణములు థిమ్ పక్షముననే మొగ్గుచున్నవి. మన బడులలోని నియమము అంత నిర్దుష్టమైనది కాదు. ‘గివ్ అప్’ న్యాయస్థానపు తీర్పులలోను, బైబిలులోను దొరలుచునే యున్నది.

తేలని అంశములు

ప్రాచీనాంగ్ల గ్రంథములలో అధికభాగము దక్షిణపు వెసెక్స్ ప్రాంతపు వ్రాతభాషలోనివి. పీటర్‌బరో రెండవ లేఖకుడు వ్రాసినది తూర్పు మధ్య ప్రాంతపు పలుకు. 1132 నాటి క్రియను వెసెక్స్ గ్రంథములతో పోల్చి ఇది క్రొత్తగా పుట్టినదనుట, కాలభేదమును ప్రాంతభేదముతో కలుపుట యగును. తూర్పు ప్రాంతమున డేనులు రాక పూర్వము జనులు ఎట్లు పలికిరో తెలుపు వ్రాతలు మనకు అత్యల్పముగా దక్కినవి. నార్స్ వాదము గెలువకుండుటకును, ఓడిపోకుండుటకును కారణమిదియే.

రెండవ సందేహము క్రొత్త అర్థములకు సంబంధించినది. ‘గివ్ అప్ ఆన్’ అనగా ఒకరిపై ఆశ వదలుకొనుట. ‘గివ్ ఇట్ అప్ ఫర్’ అనగా ఒకరికి చప్పట్లు కొట్టుట. మొదటిదానిలో ‘ఆన్’ అను మరియొక అవ్యయము చేరి, జారిపోయిన వస్తువు స్థానమున ఒక వ్యక్తిని ప్రవేశపెట్టినది. రెండవదానిలో ‘ఇట్’ అనునది దేనిని సూచించునో సభలో చప్పట్లు కొట్టువారెవరును చెప్పలేరు. కాని ‘ఫర్’ తరువాత పుచ్చుకొనువాడు మాత్రము వేదికపై నిలిచి యున్నాడు. ఫ్రేజర్ సిద్ధాంతము వీనిని క్రొత్త పదములని చెప్పి ఊరకుండును, లిండ్‌నర్ సిద్ధాంతము ‘అప్’లో వీనికి చోటు వెదకవలసి యుండును. ఓటమికి వాడు క్రియయే మెప్పునకును ఎట్లు సరిపోయినదో ఇంకను తేలవలసి యున్నది.